నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్‌పై ఆన్‌లైన్ కోర్సు తయారు చేయడం: ల్యాబ్ నుంచి వీడియో దాకా, అంచెలంచెలుగా

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చెప్పే లెక్చరర్లు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: “నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ పేపర్‌ని ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఎక్కువమంది వీడియోలతో మొదలుపెడతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. వేసవి సెలవులంతా కూర్చుని నలభై నిమిషాల పాఠాలు రికార్డు చేశాను.

మూడో వారంలో కనిగిరి వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. “సార్, మా ల్యాప్‌టాప్ 4 జీబీది. జీఎన్ఎస్3 ఓపెన్ చేస్తే మౌస్ కూడా కదలట్లేదు. పాఠం అర్థమైంది, చేసి చూద్దామంటే కుదరట్లేదు” అంది. జీఎన్ఎస్3 అంటే కంప్యూటర్‌లోనే నమూనా రౌటర్లు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్, మా ల్యాబ్ దానిమీదే. ల్యాబ్ నడవకపోతే మిగిలిన తొమ్మిది వారాలూ ఆమెకు విన్న కథే అవుతాయి. పైగా నా వీడియోలన్నీ ఆ ల్యాబ్‌నే చూపిస్తున్నాయి. సగం మళ్లీ తీయాల్సి వచ్చింది.

అందుకే వరుస తిరగేసి చెబుతున్నాను. ముందు విద్యార్థి చివరికి చేయగలగాల్సిన పని, ఆపైన ల్యాబ్, ఆపైన మార్కులు, అన్నిటి తర్వాత వీడియో.

## 1. చివరి రోజు విద్యార్థి ఏం చేయగలగాలో రాసుకోండి

మామూలు నెట్‌వర్క్స్ పేపర్‌లో విద్యార్థి నెట్‌వర్క్ ఎలా కట్టాలో నేర్చుకుంటాడు. ఇక్కడ నేర్చుకోవాల్సింది కట్టిన నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండడం: ఏది ఆగింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఆగకుండా ఏం చేశాం. ఈ తేడా మీకు స్పష్టంగా లేకపోతే సిలబస్ మళ్లీ మామూలు పేపర్‌లోని ఓఎస్ఐ ఏడు పొరల దగ్గరే తేలుతుంది.

ఎస్ఎన్ఎంపీ అంటే నెట్‌వర్క్ పరికరాల స్థితిని దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతి. కానీ “ఎస్ఎన్ఎంపీ గురించి తెలుసుకుంటారు” అని రాయకండి. కంటికి కనిపించే పనిగా రాయండి:

- 20 పరికరాల నెట్‌వర్క్‌కి పటం గీసి, పరికరాల జాబితా తయారు చేస్తారు.
- ఒక లింక్ మీద ఐదు నిమిషాల్లో ఎంత ట్రాఫిక్ వెళ్లిందో పరికరంలోని కౌంటర్ల (వెళ్లిన డేటాను లెక్కపెట్టే అంకెల) నుంచి చేత్తో లెక్క కడతారు.
- లాగ్ (పరికరం రాసుకునే సంఘటనల చిట్టా) చూసి, ఏ సంఘటన ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో రుజువుతో చెబుతారు.
- పనికొచ్చే అలర్ట్ పెడతారు, పనికిరానిది తీసేస్తారు.
- పాడైన కాన్ఫిగరేషన్‌ని (పరికరం సెట్టింగులను) నిన్నటి బ్యాకప్‌తో పోల్చి సరిచేస్తారు.

ఇలాంటివి ఐదారు చాలు. పన్నెండు రాస్తే వాటిలో సగానికి పరీక్ష పెట్టలేరు.

## 2. గంటల లెక్క, అనుమతులు

యూజీసీ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 15 గంటల థియరీ, లేదా 30 గంటల ప్రాక్టికల్. నాలుగు క్రెడిట్ల కోర్సులో మూడు థియరీకి, ఒకటి ల్యాబ్‌కి ఇస్తే 45 గంటలూ 30 గంటలూ కలిపి 75 గంటలు. 12 వారాలకు పంచితే వారానికి ఆరు గంటల పావు, 15 వారాలకైతే ఐదు గంటలు. విద్యార్థి వీడియో చూసే టైమ్, చదివే టైమ్, ల్యాబ్ టైమ్ అన్నీ ఇందులోకే రావాలి. థియరీకి 45 గంటలు ఉన్నాయి కదా అని 45 గంటల వీడియో తీయకండి.

సిలబస్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఆమోదించే కమిటీ) ముందుకు వెళ్లేటప్పుడే ల్యాబ్ వివరాలు, మూల్యాంకన పద్ధతి జత చేయండి. తర్వాత మారుద్దాం అనుకుంటే మళ్లీ మీటింగ్ దాకా ఆగాలి. రెగ్యులర్ డిగ్రీలో ఒక పేపర్‌ని ఆన్‌లైన్‌లో చెప్పడం వేరు, మొత్తం డిగ్రీని ఆన్‌లైన్‌లో ఇవ్వడం వేరు. రెండోదానికి యూజీసీ గుర్తింపు విడిగా కావాలి. మీది ఏదో మొదటే రాతపూర్వకంగా తేల్చుకోండి.

## 3. మీ విద్యార్థి దగ్గర ఏముందో కనుక్కోండి

కోర్సు మొదలవడానికి నెల ముందు అడగాల్సిన ప్రశ్నలు:

- ల్యాప్‌టాప్ ఉందా? ర్యామ్ ఎంత?
- ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉందా, ఫోన్ డేటాయేనా? ఫోన్ డేటా అయితే రోజుకు ఎంత?
- కరెంటు ఏ వేళల్లో పోతుంది?
- చదువుతో పాటు పని చేస్తున్నారా? ఏ షిఫ్టు?
- చదువుకోవడానికి వీలయ్యే సమయం ఏది?

చివరి రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు. మా దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లున్నారు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసొచ్చి చదివేవాళ్లున్నారు. వాళ్లకు ఉదయం పదింటి లైవ్ క్లాస్ తప్పనిసరి చేస్తే కోర్సు మొదటి వారమే వాళ్ల చెయ్యి జారిపోతుంది.

క్యాలెండర్ కూడా ఇప్పుడే చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. తీరంలో వాయుగుండం పట్టిందంటే కరెంటు, నెట్ రెండూ పోతాయి. ఆ నెలల్లో పడే గడువులకు పది రోజుల వ్యవధి ఇవ్వండి. వారపు మార్కుల్లో తక్కువ వచ్చిన రెండు వారాలను లెక్కలోంచి తీసేసే నియమం మొదటి రోజే ప్రకటించండి. తుపాను వచ్చాక ఒక్కొక్కరి అర్జీ చదివే పని తప్పుతుంది. అడగడానికి మొహమాటపడే పిల్లలకూ న్యాయం జరుగుతుంది.

## 4. కోర్సు మొత్తానికి ఒకే నెట్‌వర్క్ ఎంచుకోండి

వారానికో కొత్త ఉదాహరణ ఇస్తే విద్యార్థి ప్రతిసారీ పటం మళ్లీ అర్థం చేసుకోవాలి. ఒకే ఊహా సంస్థను తీసుకుని 12 వారాలూ దానితోనే నడపండి.

నేను వాడేది కావలి దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్. కల్పితమే, కానీ అలాంటిది చూడని పిల్లలు మా దగ్గర తక్కువ. ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు, గేటు దగ్గర కెమెరాలు, కోల్డ్ స్టోరేజ్‌లో ఉష్ణోగ్రత సెన్సర్లు, నెల్లూరులో ఒక బ్రాంచి ఆఫీసు, రెండిటి మధ్య లింకు. “రాత్రి రెండింటికి స్విచ్ ఆగింది, సెన్సర్ రీడింగు రావడం లేదు, లోపల సరుకు ఉంది” అని చెప్పగానే ఫాల్ట్ మేనేజ్‌మెంట్ ఎందుకో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

మేనేజ్‌మెంట్‌లోని ఐదు భాగాలు, అంటే ఫాల్ట్, కాన్ఫిగరేషన్, అకౌంటింగ్, పెర్ఫార్మెన్స్, సెక్యూరిటీ, వీటిని ఎఫ్‌క్యాప్స్ అని బట్టీ పట్టించే బదులు ఈ యూనిట్‌లో ఒక రోజు డ్యూటీ రిజిస్టర్ రాసి ఇవ్వండి. ఏ ఎంట్రీ ఏ భాగంలోకి వస్తుందో విద్యార్థులే విడదీస్తారు.

## 5. ల్యాబ్ కట్టండి

ఈ గైడ్‌లో మీరు ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. మూడు దారులున్నాయి.

పాకెట్ ట్రేసర్ (నెట్‌వర్క్‌ని తెరమీద నమూనాగా కట్టి చూపే సాఫ్ట్‌వేర్): తేలిగ్గా నడుస్తుంది. మొదటి వారాల్లో పటం గీయడానికి, ఐపీ అడ్రసులు ఇవ్వడానికి బాగుంటుంది. లోతైన మానిటరింగ్‌కి చాలదు.

విద్యార్థి ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్): గ్రాఫిక్స్ లేని లినక్స్ సర్వర్ ఒకటి, అందులో నెట్-ఎస్ఎన్ఎంపీ ఏజెంట్ (అడిగినప్పుడు మెషీన్ స్థితి చెప్పే ప్రోగ్రామ్). అర నుంచి ఒక జీబీ దాకా ర్యామ్ ఇస్తే నడుస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లోనే చేయాలంటే 4 జీబీ ఉన్నవాళ్లకు ఇదే దిక్కు.

కాలేజీ సర్వర్‌లో ఉమ్మడి ల్యాబ్: కంటైనర్ల (ఒకే సర్వర్‌లో విడివిడిగా నడిచే తేలికపాటి మెషీన్ల) మీద ఎఫ్ఆర్ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రౌటర్లు, లినక్స్ హోస్టులు. విద్యార్థి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వస్తాడు. ఫోన్‌లో టెర్మినల్ యాప్ ఉన్నా చాలు. పటం లేపడానికి కంటైనర్‌ల్యాబ్, మానిటరింగ్‌కి లిబ్రెఎన్ఎంఎస్ లేదా జాబిక్స్, రెండిట్లో ఒక్కటే.

నా ఓటు మూడోదానికే, రెండోది అండగా. సర్వర్ సైజు ఊహించకండి. ఐదుగురి ల్యాబ్ లేపి, ర్యామ్ ఎంత పట్టిందో లినక్స్‌లోని free అనే కమాండ్‌తో చూసి, దాన్ని బట్టి 60 మందికి లెక్క వేయండి. సరిపోకపోతే బ్యాచీలుగా విడగొట్టండి.

ప్రతి విద్యార్థికీ రోల్ నంబరుతో వేరే సబ్‌నెట్ (ఐపీ అడ్రసుల్లో విడి భాగం) ఇవ్వండి. 17వ నంబరు అబ్బాయికి 10.20.17.0/24, 18కి 10.20.18.0/24. ఒకరి స్క్రీన్‌షాట్ ఇంకొకరు పెడితే అడ్రసులోనే తెలిసిపోతుంది. కాపీ గురించి ఉపన్యాసాలు చెప్పే పని సగం తగ్గుతుంది.

విద్యార్థులు కనిపెట్టి సరిచేయడానికి, ల్యాబ్‌ని కావాలని చెడగొట్టే స్క్రిప్టులు కూడా ముందే రాసిపెట్టుకోవాలి. నేను వాడేవి:

- డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్) తప్పు అడ్రసుకి మార్చడం
- కమ్యూనిటీ స్ట్రింగ్‌లో (ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్ లాంటిది) ఒక అక్షరం మార్చడం
- ఫైర్‌వాల్‌లో ఎస్ఎన్ఎంపీ వాడే యూడీపీ 161 పోర్టు మూసేయడం (పరికరం ఉందా అని అడిగే పింగ్‌కి జవాబు వస్తుంది, ఎస్ఎన్ఎంపీకి రాదు)
- ఇంటర్‌ఫేస్‌ని నిమిషానికోసారి ఆపి, లేపడం
- లాగ్ ఫైళ్లతో డిస్కు నింపేయడం
- ఒక మెషీన్ టైమ్‌జోన్ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) వదిలేయడం

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది, నేర్పేది చాలా. బ్రాంచి రౌటర్ లాగ్‌లో లింక్ పడిపోయింది 03:40కి, ఆఫీసు స్విచ్ లాగ్‌లో 09:10కి. విద్యార్థులు రెండు వేర్వేరు సంఘటనలని రాస్తారు. తేడా ఐదున్నర గంటలని ఒకరు పట్టుకున్న క్షణం నుంచి ఆ బ్యాచీలో ఎవరూ గడియారాల అమరికని తేలిగ్గా తీసుకోరు.

ఒక హెచ్చరిక. స్కానింగ్, పోలింగ్ (పరికరాలను పదే పదే అడగడం) అన్నీ ల్యాబ్ సబ్‌నెట్ లోపలే జరగాలి. అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం, 2000 లోని 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. మొదటి వారంలోనే దీనిమీద సంతకం తీసుకోండి. ల్యాబ్ నుంచి కాలేజీ అసలు నెట్‌వర్క్‌కి దారి కూడా మూసేయండి, సంతకం ఒక్కటే కాపాడదు.

ల్యాబ్ తెరిచే ముందు సరిచూడాల్సినవి:

- ఫోన్ డేటా మీద, బయట నుంచి, లాగిన్ అయి చూశారా?
- సర్వర్ రీస్టార్ట్ అయితే ల్యాబ్ దానంతట అదే లేస్తుందా?
- విద్యార్థి చెడగొట్టుకుంటే ఒకే కమాండ్‌తో మొదటి స్థితికి తెచ్చుకోగలడా?
- కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు నిలబెడుతుంది?
- మీరు ఊళ్లో లేనప్పుడు చూసుకునేవాళ్లు ఎవరు?

## 6. వారాల వరుస

- 1వ వారం: ల్యాబ్ లాగిన్, పటం, పరికరాల జాబితా. కొత్త సిద్ధాంతం వద్దు.
- 2: డ్యూటీ రిజిస్టర్‌తో ఐదు భాగాలు.
- 3, 4: ఎస్ఎన్ఎంపీ. మేనేజర్ (అడిగేది), ఏజెంట్ (చెప్పేది), ఎంఐబీ (అడగదగ్గ విషయాల పట్టిక), ఓఐడీ (ఒక్కో విషయానికి అంకెల చిరునామా). అడగడానికి 161 పోర్టు, ట్రాప్‌లు (పరికరం తనంతట తానే పంపే హెచ్చరికలు) అందుకోవడానికి 162.
- 5: కౌంటర్లు, గ్రాఫులు.
- 6: సిస్‌లాగ్ (లాగ్‌లు ఒకచోటికి పంపే పద్ధతి), ఎన్‌టీపీ (పరికరాల గడియారాలు కలిపే పద్ధతి). తీవ్రత స్థాయులు 0 నుంచి 7.
- 7: అలర్టులు.
- 8: కాన్ఫిగరేషన్ బ్యాకప్, గిట్‌తో (ఫైళ్లలో మార్పులు దాచిపెట్టే టూల్) తేడా చూడడం.
- 9: నెట్‌ఫ్లో, ఐపీఫిక్స్. ఎంత ట్రాఫిక్ అన్నది తెలిశాక, ఎవరిది అన్న ప్రశ్న.
- 10: భద్రత. టెల్‌నెట్ (భద్రత లేని పాత రిమోట్ లాగిన్) తీసి ఎస్ఎస్‌హెచ్, ఎస్ఎన్ఎంపీ వీ2సీ వెర్షన్ నుంచి వీ3, మేనేజ్‌మెంట్‌కి వేరే వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడి నెట్‌వర్క్).
- 11: పైథాన్ స్క్రిప్టులు, నెట్‌కాన్ఫ్ (ప్రోగ్రామ్‌తో కాన్ఫిగరేషన్ మార్చే పద్ధతి), యాంగ్ (ఆ కాన్ఫిగరేషన్ రూపం రాసే భాష) పరిచయం.
- 12: చివరి ప్రాజెక్టు, డ్యూటీ అప్పగింత పత్రం.

పదకొండో వారాన్ని ముందుకు లాగాలనిపిస్తుంది, ఉద్యోగాల ప్రకటనల్లో ఆటోమేషన్ మాటే ఎక్కువ కాబట్టి. లాగకండి. చేత్తో పది పరికరాల కాన్ఫిగరేషన్ సరిచూసి విసిగినవాడికి స్క్రిప్టు విలువ చెప్పక్కర్లేదు.

## 7. ఒక వారాన్ని పూర్తిగా ఎలా రాయాలి: ఐదో వారం

మిగతా వారాలు ఇదే పద్ధతిలో రాసుకోవచ్చు కాబట్టి దీన్ని వివరంగా చూపిస్తాను.

మొదట చేతి లెక్క. విద్యార్థి తన రౌటర్‌లోకి వచ్చిన ఆక్టెట్ల (బైట్ల) కౌంటర్‌ని చదువుతాడు. ఓఐడీ 1.3.6.1.2.1.2.2.1.10, చివర ఇంటర్‌ఫేస్ నంబరు. 300 సెకన్లు ఆగి మళ్లీ చదువుతాడు. మొదటి విలువ 1,20,00,000, రెండోది 4,95,00,000 అనుకోండి. తేడా 3,75,00,000 ఆక్టెట్లు. ఎనిమిదితో గుణిస్తే 30 కోట్ల బిట్లు. 300తో భాగిస్తే సెకనుకు 10 లక్షల బిట్లు, అంటే 1 ఎంబీపీఎస్. కాగితం మీద చేయించి ఫొటో పెట్టమనండి.

తర్వాత గ్రాఫ్. అదే లింక్‌ని మానిటరింగ్ టూల్‌లో చూడమనండి. తన కాగితం లెక్క, గ్రాఫ్ దగ్గర దగ్గరగా కలిసినప్పుడు ఆ గీత ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది.

ఆపైన చిక్కు. రెండో రీడింగు మొదటిదానికన్నా తక్కువ ఉన్న ఫైల్ ఒకటి ఇవ్వండి. ట్రాఫిక్ మైనస్‌లో ఎలా ఉంటుంది? 32 బిట్ల కౌంటర్ 4,29,49,67,295 దాటాక మళ్లీ సున్నాకి వస్తుంది. 100 ఎంబీపీఎస్ లింక్ నిండా నడిస్తే సుమారు 5 నిమిషాల 44 సెకన్లలో తిరుగుతుంది. 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లలోనే. అంటే ఐదు నిమిషాలకోసారి చదివే పద్ధతిలో ఎన్నిసార్లు తిరిగిందో కూడా తెలీదు. పరిష్కారం 64 బిట్ల కౌంటర్, 1.3.6.1.2.1.31.1.1.1.6. ఇది ఎస్ఎన్ఎంపీ మొదటి వెర్షన్‌లో రాదు, వీ2సీ లేదా వీ3 కావాలి. రీడింగు తగ్గడానికి రౌటర్ రీస్టార్ట్ కూడా కారణం కావచ్చు, కాబట్టి అప్‌టైమ్ ఓఐడీ 1.3.6.1.2.1.1.3.0 కూడా చూడమనండి.

చివర రాత. “కోల్డ్ స్టోరేజ్ మేనేజర్‌కి ఐదు వాక్యాల్లో రాయండి: లింక్ సరిపోతుందా?” ఓఐడీలు రాకూడదు. ఈ ఐదు వాక్యాలు రాయడానికే పిల్లలు ఎక్కువ కష్టపడతారు, అందుకే వారం వారం రాయించండి.

ఏడో వారం గురించి ఒక్క మాట. మొదట వాళ్లకు నచ్చినట్టే అలర్టులు పెట్టుకోనివ్వండి. తర్వాత బ్రాంచి రౌటర్‌ని ఆపండి. దాని వెనకున్న ప్రతి పరికరానికీ ఒక మెసేజ్ వస్తుంది, అసలు కారణం వాటి మధ్యలో మునిగిపోతుంది. అప్పుడు నేర్పండి: వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతేనే అలర్ట్, పై రౌటర్ పడితే కింది వాటి అలర్టులు ఆపడం, అలర్ట్‌లోనే మొదట చూడాల్సిన పని రాసిపెట్టడం.

## 8. మార్కులు

క్విజ్‌కి 20 శాతం మించి ఇవ్వకండి, దాని జవాబులు రెండు నిమిషాల్లో ఫోన్‌లో దొరుకుతాయి. నా విభజన: క్విజ్ 20, వారపు ల్యాబ్ 30, ఫాల్ట్ పరీక్ష 30, ప్రాజెక్టూ వైవా 20. యూనివర్సిటీ చివరి రాతపరీక్ష తప్పనిసరి అయితే ఇవన్నీ ఇంటర్నల్ లోపల ఇదే నిష్పత్తిలో సర్దండి.

ఫాల్ట్ పరీక్షలో రోల్ నంబరును బట్టి రెండు లోపాలు పడతాయి, 90 నిమిషాల టైమ్. పది మార్కుల్లో లోపం కనిపెట్టినందుకు 3, రుజువు చూపినందుకు 4, సరిచేసినందుకు 2, నివేదికకు 1. రుజువుకే ఎక్కువ ఎందుకంటే, అన్నీ రీస్టార్ట్ చేసి బాగుచేసినవాడు రేపు అదే లోపం వస్తే మళ్లీ రీస్టార్టే చేస్తాడు.

వైవా పది నిమిషాలు చాలు. విద్యార్థి గీసిన గ్రాఫే ఎదురుగా పెట్టి, “మంగళవారం ఈ గుంట ఏంటమ్మా?” అని అడగండి. ఏఐతో రాయించుకున్న రిపోర్టు అక్కడ నిలబడదు. తను చేసినవాళ్లు తడుముకున్నా సరే, చెబుతారు.

## 9. ఇప్పుడు వీడియోలు

వారానికి నాలుగు, ఒక్కొక్కటి ఎనిమిది నిమిషాలు. 12 వారాలకు 384 నిమిషాలు. 1 ఎంబీపీఎస్ దగ్గర ఎన్‌కోడ్ చేస్తే మొత్తం 2.9 జీబీ అవుతుంది. 64 కేబీపీఎస్ ఆడియో మాత్రమే అయితే 184 ఎంబీ. రెండూ ఇవ్వండి, స్క్రీన్ మీద చూపిన కమాండ్లు పీడీఎఫ్‌లో జత చేయండి. నెట్ సరిగా లేని ఊళ్లో ఆడియో, పీడీఎఫ్‌తోనే వారం గడుస్తుంది.

టెర్మినల్‌లో అక్షరాలు పెద్దవి పెట్టండి. రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో ఉచితం. తీశాక మీ ఫోన్‌లోనే చూడండి, చెయ్యి చాపిన దూరంలో చదవగలిగితే సరే.

వివరణ తెలుగులో, పదాలు వాడుకలో ఉన్నవే. కౌంటర్‌ని కౌంటర్ అనే అనండి. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కాబట్టి వారానికి పది పదాల నిర్వచనాలు ఇంగ్లీషులో విడిగా ఇవ్వండి. కమాండ్ తప్పు కొట్టి ఎర్రర్ వస్తే ఆ ముక్క కత్తిరించకండి. ఎర్రర్ ఎలా చదవాలో పిల్లలు చూసేది అక్కడే.

## 10. తరచూ వచ్చే చిక్కులు

“ఎస్ఎన్ఎంపీ టైమ్ఔట్ వస్తోంది సార్.” కమ్యూనిటీ స్ట్రింగ్ తప్పైనా, పోర్టు మూసినా, ఏజెంట్ ఆగినా కనిపించేది అదే టైమ్ఔట్. వరుస నేర్పండి: పింగ్, ఏజెంట్ నడుస్తోందా, 161 మీద వింటోందా, ఫైర్‌వాల్, చివర స్ట్రింగ్.

నాలుగో వారంలో జనం తగ్గిపోవడం. ఓఐడీల వారం కష్టం. ఆ వారంలో కొత్త అసైన్‌మెంట్ పెట్టకండి. లాగిన్ కాని ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. ఎక్కువసార్లు తేలేది పాఠం కష్టమని కాదు, పాస్‌వర్డ్ మర్చిపోయి అడగలేదని.

ఒకరే అన్నిటికీ జవాబులిచ్చే గ్రూపు. ముగ్గురేసి జట్లు చేసి, వారానికొకరిని డ్యూటీ ఇంజనీర్‌గా పెట్టండి. ఆ వారం ప్రశ్నలు వాళ్ల ద్వారానే రావాలి.

పాస్‌వర్డులు, స్ట్రింగులు ఫొటోల్లో బయటపడడం. మొదటిసారి మార్పించి వదిలేయండి. పదో వారం తర్వాత మార్కు తీయండి.

## 11. ముందుగా ఐదుగురితో నడపండి

మొత్తం కోర్సు తెరిచే ముందు మొదటి మూడు వారాలు ఐదుగురితో చేయించండి. బాగా చదివేవాళ్లనే తీసుకోకండి. ఒకరు ఫోన్ మాత్రమే ఉన్నవారు, ఒకరు పాత ల్యాప్‌టాప్ వాళ్లు, ఒకరు పని చేస్తూ చదివేవారు తప్పకుండా ఉండాలి.

వాళ్లు ల్యాబ్ చేస్తుంటే పక్కన కూర్చోండి, లేదా స్క్రీన్ షేర్ పెట్టించండి. మాట్లాడకండి. ఎక్కడ ఆగారు, ఎన్ని నిమిషాలు ఆగారు, సూచనల్లో ఏ వాక్యాన్ని రెండోసారి చదివారు, ఇవి రాసుకోండి. గంటలో అవుతుందనుకున్న ల్యాబ్ రెండున్నర గంటలు పట్టిందంటే సూచనలు సరిచేయండి లేదా ల్యాబ్‌ని రెండుగా కోయండి.

నాకు ఫోన్ చేసిన ఆ అమ్మాయిని మరుసటి ఏడాది ఇలాంటి బృందంలోకి పిలిచాను. మొదటి ల్యాబ్ సూచనల్లో ఏడో మెట్టు దగ్గర ఆగి, “సార్, ఇక్కడ పాస్‌వర్డ్ టైప్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ కనపడదని రాయలేదు. కీబోర్డు పోయిందనుకున్నా” అంది. ఆ వాక్యం ఇప్పుడు ఏడో మెట్టులో ఉంది.